బెంగ పెట్టుకున్నవాళ్ల మాట ఎవరు వింటారు

పశ్చిమ బెంగాల్‌లో ఖరగ్‌పూర్ పక్కనున్న సాలువాలో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఒక తెలుగు ఇల్లుంది. ఇంటాయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు టెక్కలి దగ్గర ఒక పల్లె. పెద్దబ్బాయి కువైట్‌లో డ్రైవరు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ మధ్యాహ్నం ఫోను వస్తుంది. పిన్ని (ఆవిణ్ణి నేను అలాగే పిలుస్తాను) వంటింటి గట్టు మీద డబ్బాకి ఫోను ఆనించి మాట్లాడుతుంది.

"ఏటిరా బాబూ, తిన్నావా?"

"తినీసానమ్మా."

"ఒంట్లో బాగుందా?"

"బాగుందమ్మా."

తర్వాత నాన్న మందులు, చెల్లి పిల్లల బడి, పంపిన డబ్బు లెక్క. పది నిమిషాల్లో అయిపోతుంది. ఒక శుక్రవారం ఫోను పెట్టేశాక పిన్ని నాతో అంది: "వాడు బెంగెట్టుకున్నాడమ్మా. గొంతు తెలీదా నాకు?" కొడుకు మాత్రం ఆ మాట అనలేదు. గుండె దడగా ఉంటోందన్నాడు, గ్యాసేమో అన్నాడు. అక్కడ ఒక క్లినిక్‌లో ఈసీజీ తీసి గుండె బాగానే ఉందని చెప్పి, కడుపుమంటకు బిళ్లలిచ్చి పంపేశారట.

దేశం కాని దేశంలో పనిచేసే మనవాళ్లకు మనసు బాగోలేకపోతే దొరికే సాయం ఏమిటన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. గల్ఫ్, అమెరికా, సింగపూర్ల గురించి దొరికినంత చదివాను. వెళ్లొచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడిగాను. చివరికి నాకు తేలింది ఇదీ: మన ఏర్పాట్లలో ఎక్కువ భాగం మనిషి పోయాకే కదులుతున్నాయి. శవపెట్టె రావడానికి దారి వేశాం. రాత్రిళ్లు కన్ను మూతపడని మనిషి నడవడానికి మాత్రం దారి సరిగా వేయలేదు. ఈ మాట కోపంతో రాస్తున్నది కాదు. ఎక్కడ ఏముందో ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళితే మీకూ అలాగే అనిపిస్తుందనుకుంటున్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఖరగ్‌పూర్ కూడా ఒకప్పుడు మనవాళ్లకు పరాయి దేశమే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి కుటుంబాలు వరసగా వచ్చాయి. నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో తెలుగు వాడలు పుట్టాయి. ఇక్కడి భాష వేరు, తిండి వేరు. అయినా ఆ తరాన్ని నిలబెట్టినవి ఉన్నాయి. మొదటిది ఒకే ఊరివాళ్లు ఒకే లైనులో ఉండటం. రెండోది అమ్మవారి పండగలు, రాములవారి పందిళ్లు, భజనలు. మూడోది ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, రైల్వే పాసు. బెంగ ఎక్కువైతే పాసు రాయించుకుని రాత్రి బండెక్కితే తెల్లారేసరికి పలాసో శ్రీకాకుళం రోడ్డో వచ్చేసేది. నాలుగు రోజులుండి, అమ్మ చేతి అన్నం తిని, మళ్లీ డ్యూటీకి దిగేవారు. ఇంటికి పోగలనన్న ధైర్యం చేతిలో ఉంటే, పోకపోయినా మనిషికి ఊపిరాడుతుంది. ఈ విషయం ముందు ముందు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

అలాగని ఆ రోజులను బంగారు కాలమని చెప్పను. తట్టుకోలేనివాళ్లు అప్పుడూ ఉన్నారు. సారాలో పడ్డవాళ్లను అందరూ చూశారు. మతి చెదిరినవాళ్ల ప్రస్తావన వస్తే పెద్దలు గొంతు తగ్గించి "రాంచీ తీసుకెళ్లారు" అనేవారు. 1918లో మొదలైన రాంచీ మానసిక వైద్యశాల పేరు ఈ ప్రాంతంలో తిట్టుగా మారిపోయింది. విశాఖవాళ్లకు చినవాల్తేరు, హైదరాబాద్‌వాళ్లకు ఎర్రగడ్డ ఇలాగే తిట్లయ్యాయి. మూడూ ఎంతోమందికి బతుకు తిరిగిచ్చిన ఆసుపత్రులు. ఆ పేర్లను ఎకసెక్కానికి వాడినంత కాలం, దుబాయ్‌లో ఒంటరిగా కూర్చున్న కుర్రాడు "నాకు డాక్టరు కావాలి" అని ఇంటికి ఎలా చెబుతాడు?

సాలువాలో ఇంకో పాఠం కూడా ఉంది. ఇది ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ అనే సాయుధ పోలీసు దళానికి కేంద్రం. గూర్ఖా కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. 2010 ఫిబ్రవరి 15న సిల్దా క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేసినప్పుడు ఆ దళంవాళ్లు 24 మంది చనిపోయారు. ఆ తర్వాత ఇక్కడ ఇళ్లు మౌనంగా ఉండిపోయాయి. పలకరిస్తే టీ ఇచ్చేవారు, బాగున్నామనేవారు. దూరాన పనిచేసే మనిషి గురించి రాసేటప్పుడు ఇంటి దగ్గర ఫోను కోసం చూసే మనిషిని మరిచిపోకూడదని నేను నేర్చుకున్నది ఆ ఇళ్లలోనే. పిన్నికి కూడా ఇప్పుడు నిద్ర లేదు. కొడుకు బెంగ ఆవిడకు మోకాళ్ల నొప్పిగా, తలనొప్పిగా దిగింది.

బెంగను వైద్యులు జబ్బుగా గుర్తించి మూడు వందల ఏళ్లు దాటింది. 1688లో బాజెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటికి దూరమైనవాళ్లలో కనిపించే నిద్రలేమి, ఆకలి లేకపోవడం, గుండెదడ అన్నీ కలిపి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. తర్వాత అది పరాయి రాజుల కొలువులో కిరాయికి పోరాడిన స్విస్ సైనికుల జబ్బుగా పేరుపడింది. 1932లో ఓడెగార్డ్ అనే నార్వే వైద్యుడు, అమెరికాలోని మిన్నెసోటాకు వలసపోయిన నార్వేవాళ్లలో స్కిజోఫ్రీనియా, సొంత దేశంలో ఉండిపోయినవాళ్ల కంటే ఎక్కువగా ఉందని చూపించాడు. మనసు తేలికగా చెదిరేవాళ్లే వలసపోతారేమోనని ఆయన అనుకున్నాడు. తర్వాతి పరిశోధకుల చూపు, వెళ్లినచోట ఎదురయ్యే అవమానం, ఒంటరితనం, భద్రత లేని బతుకు వైపు మళ్లింది. నాకు తెలిసినవాళ్ల అనుభవమూ అదే. పిన్ని కొడుకు బలహీనుడు కాడు. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరకముందే రెండు నెలలు జీతం ఆగిన మనిషి.

ఇక గల్ఫ్. అక్కడి అరబ్బు దేశాల్లో భారతీయులు దాదాపు 90 లక్షలు. మన వైపు నుంచి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్, కోనసీమ, కడప, శ్రీకాకుళం నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువ. వాళ్ల బాధకు మూలం చాలావరకు మనసులో లేదు, కాగితాల్లో ఉంది. వీసా యజమానికి ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు తీసేసుకోవడం చట్టరీత్యా తప్పయినా జరుగుతూనే ఉంటుంది. ఊళ్లో నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన బాకీ నెలనెలా పెరుగుతుంది. క్యాంపు గదిలో ఒకరి మీద ఒకరుగా ఇనప మంచాలు, పక్క మంచం వాడిది వేరే షిఫ్టు. ఏడవాలన్నా చోటుండదని ఒకాయన నాతో అన్నాడు. బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చేవాణ్ణని చెబుతున్నప్పుడు ఆయన తల ఎత్తలేదు. ఆయన తిరిగి వచ్చేసి ఆరేళ్లయింది.

ఇప్పుడు రైల్వే పాసును గుర్తు చేసుకోండి. మా తాతలకు ఇంటికి పోయే దారి జేబులో ఉండేది. గల్ఫ్‌లో ఉన్నవాడికి అది యజమాని బీరువాలో ఉంటుంది. ఎంత మంచి కౌన్సెలరైనా ఈ తేడాను మాటలతో పూడ్చలేడు. అందుకే గల్ఫ్ కార్మికుడికి మానసిక సాయం అంటే జీతం ఇప్పించగలిగే మనిషి, పాస్‌పోర్టు తెప్పించగలిగే మనిషి కూడా ఆ సాయంలో భాగమై ఉండాలని నా అభిప్రాయం. రెండింటినీ విడదీస్తే రెండూ పనిచేయవు.

ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్ల సంగతి ఇంకా లోతైనది. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లేవాళ్లలో వీళ్లు చాలామంది. మగవాళ్లకు క్యాంపులో కనీసం తెలుగు మాట్లాడేవాడు ఒకడైనా దొరుకుతాడు. వీళ్లకు నాలుగు గోడలు, అరబ్బీ మాట్లాడే ఇల్లు. ఫోను కూడా మేడమ్ చేతిలో ఉండొచ్చు. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఇంటిపని కోసం ఆ దేశాలకు అనుమతి ఇవ్వకూడదని మన ప్రభుత్వం నియమం పెట్టింది. దాంతో దొంగదారిన, విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లు ఏ లెక్కలోనూ లేకుండా పోయారు. లెక్కలో లేని మనిషికి హెల్ప్‌లైన్ ఎలా అందుతుంది?

భయానికి చట్టం కూడా తోడైంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2020 చివర్లో సవరణలు వచ్చేదాకా ఆత్మహత్యా ప్రయత్నం నేరం. చచ్చిపోవాలనిపిస్తోందని డాక్టరుతో అంటే పోలీసులు వస్తారేమో, పంపించేస్తారేమో అన్న జంకు చట్టం మారినంత వేగంగా మనుషుల్లోంచి పోదు.

మన ప్రభుత్వాల వైపు చూద్దాం. ప్రవాసీ భారతీయ బీమా యోజన 2003లో వచ్చింది, 2017లో మెరుగుపడింది. ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన కార్మికుడు ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం పాలైనా 10 లక్షలు. రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. ఆపదలో ఉన్నవారికి వసతి, టికెట్టు, మృతదేహం తరలింపు దానిలోంచి జరుగుతాయి. ఫిర్యాదులకు 2015 నుంచి మదద్ పోర్టల్ ఉంది. గల్ఫ్‌లో పోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. మృతదేహాన్ని విమానాశ్రయం నుంచి ఇంటిదాకా చేర్చే ఉచిత అంబులెన్సు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఇవన్నీ కావలసినవే. ఆ అంబులెన్సు కోసం రాత్రంతా ఎదురుచూసిన తల్లిదండ్రులకు దాని విలువ తెలుసు. కానీ వీటిలో మనిషి బతికుండగా, పని చేసుకుంటుండగా, లోపల కుంగిపోతున్నప్పుడు తలుపు తట్టేది ఏది? దుబాయ్‌లో 2010లో మొదలైన ఇండియన్ వర్కర్స్ రిసోర్స్ సెంటర్, ఇప్పటి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, న్యాయ సలహాతోపాటు మానసిక సలహా కూడా ఇస్తుంది. మెచ్చుకోవలసిన పని. అయితే అక్కడికి చేరాలంటే తనకు బాగోలేదని మనిషి ముందే గుర్తించి, సెలవు దొరికించుకుని, ఫోనో బస్సో పట్టుకోవాలి. కుంగుబాటు మొదట దెబ్బకొట్టేది సరిగ్గా ఆ ఓపికనే.

మానసిక సాయానికి స్వదేశంలో అందరికీ చెప్పే నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఇది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. తెలుగుతో సహా 20 భాషల్లో మాట్లాడతారు, డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు. పిన్నికి ఈ నంబరు రాసిచ్చింది నేనే. కానీ ఇలాంటి పొట్టి నంబర్లు దేశం లోపలి ఫోన్ల కోసం పెట్టినవి. కువైట్ సిమ్ ఉన్న కొడుకు ఎక్కడికి చేయాలి? అవసరం అటు, నంబరు ఇటు.

ఇక లెక్కల సంగతి. నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. పెద్దల్లో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్లలో చాలా ఎక్కువమందికి చికిత్సే అందడం లేదని అది తేల్చింది. ఆ 12లో పశ్చిమ బెంగాల్ ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఇంత వలస ఉన్న రెండు రాష్ట్రాలు ఆ లెక్కలో లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అమెరికా కథ వేరు. జీతం ఉంది, కారు ఉంది, తెలుగు సంఘం ఉంది, దసరాకు బతుకమ్మ ఉంది. అక్కడి బాధ గడియారానికి సంబంధించింది. హెచ్1బీ ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమం వల్ల మనవాళ్ల గ్రీన్‌కార్డు వరస దశాబ్దాలకు సాగింది. అన్నాళ్లూ మనిషి ఒంటికాలి మీద నిలబడ్డట్టే. భర్త వీసాను బట్టి వచ్చే హెచ్4 మీద వెళ్లిన ఆడవాళ్లలో ఇంజినీరింగు చదివినవాళ్లు, ఇక్కడ ఉద్యోగం చేసి వదులుకున్నవాళ్లు ఎందరో. 2015 నుంచి కొందరికి, అంటే భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు కొంత దూరం నడిచినవాళ్లకు, పని అనుమతి దొరుకుతోంది. మిగిలినవాళ్లకు పొద్దున్న తలుపు మూసుకున్నాక సాయంత్రం దాకా మాట్లాడే మనిషి ఉండదు. భర్త చెయ్యి చేసుకున్నా వీసా అతని పేరు మీదే ఉందన్న భయం నోరు నొక్కేస్తుంది. ఇక విద్యార్థి అయితే ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుతో దిగి, విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే కౌన్సెలింగుకు వెళ్తే వీసా రికార్డుకు ఎక్కుతుందేమోనని భయపడతాడు. ఆ భయానికి ఆధారం లేదు, కౌన్సెలింగు రహస్యంగానే ఉంటుంది. ఈ ఒక్క మాట విమానం ఎక్కకముందే ప్రతి పిల్లవాడికీ చెప్పాలి.

అక్కడ మానసిక ఆపదలో ఉన్నవాళ్ల కోసం 2022 జులై నుంచి 988 నంబరు పనిచేస్తోంది. ఫోను ఎత్తేవాళ్లు ఇంగ్లిషులో, స్పానిష్‌లో మాట్లాడతారు. మిగతా భాషలకు దుబాసీని కలుపుతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది చాలు, తప్పకుండా చేయాలి. కానీ నెలల తరబడి నడిచే మాటకు దుబాసీతో పని జరగదు. "మా అత్తగారు నన్ను మాటలతో పొడుస్తుంది" అన్న వాక్యం దుబాసీ నోట్లోంచి బయటికొచ్చేసరికి ఏమవుతుందో ఊహించుకోండి. తెలుగు తెలిసిన మానసిక నిపుణులు అమెరికాలో ఉన్నారు, కానీ లైసెన్సు రాష్ట్రానికో తీరు. న్యూజెర్సీ ఆమె టెక్సాస్ మనిషికి వీడియోలో వైద్యం చేయాలన్నా అనుమతులు చూసుకోవాలి. 1977లో పుట్టిన తానా లాంటి తెలుగు సంఘాలు ప్రమాదాలప్పుడు, మరణాలప్పుడు రాత్రికి రాత్రి కదిలి చందాలు పోగుచేసి దేహాన్ని ఇంటికి పంపుతాయి. ఆ చేతులకు దణ్ణం పెట్టాలి. అదే చురుకుతనం ముందురోజు రాత్రికి కావాలి.

వేరే దేశాలు ఏం చేశాయో క్లుప్తంగా చెబుతాను. 1995 మార్చిలో సింగపూర్‌లో ఫ్లోర్ కాంటెంప్లాసియోన్ అనే ఇంటిపనిమనిషిని ఉరితీశాక ఫిలిప్పీన్స్ ప్రజలు వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాదే వలస కార్మికుల చట్టం వచ్చింది. తమవాళ్లు ఎక్కువగా ఉన్న దేశాల్లో రాయబార కార్యాలయం అజమాయిషీలో వనరుల కేంద్రం ఉండాలని, అందులో న్యాయ సాయంతోపాటు కౌన్సెలింగు ఉండాలని చట్టంలోనే రాశారు. దయతో ఇచ్చేది కాదు, హక్కుగా రాసినది. సింగపూర్ 2020లో కరోనాకు డార్మిటరీలు మూతపడి కార్మికులు గదుల్లో చిక్కుకుపోయినప్పుడు, ఆ ఏడాది చివర్లో ప్రాజెక్ట్ డాన్ పేరుతో వాళ్ల మానసిక ఆరోగ్యానికి ఒక బృందాన్ని పెట్టింది. హెల్త్‌సర్వ్ అనే స్వచ్ఛంద సంస్థ వలస కార్మికుల కోసం 24 గంటల ఫోను నడుపుతోంది. రెండుచోట్లా గమనించవలసింది ఒకటే, కార్మికుడు వెతుక్కుంటూ వచ్చేదాకా ఆగలేదు.

మనకు చేతకాదని కాదు. పిల్లల విషయంలో మన న్యాయస్థానం ఆ పని చేసింది. విశాఖలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన ఒక బెంగాలీ అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలరు ఉండి తీరాలంది. బెంగాల్ పిల్ల మన విశాఖలో పరాయిదైపోయింది. ఖరగ్‌పూర్ ఐఐటీలో మన తెలుగు పిల్లలు ఇక్కడ పరాయివాళ్లవుతున్నారు. నాకు ఆ తీర్పు రెండు వైపులా తగిలింది. వంద మంది పిల్లలకు ఒక కౌన్సెలరు అనగలిగినప్పుడు, వేలమందిని బయటికి పంపే జిల్లాకు ఎందుకు అనలేం?

అంతమంది సైకియాట్రిస్టులు ఎక్కడున్నారని అడుగుతారు. అందరికీ సైకియాట్రిస్టు అక్కర్లేదు. గోవాలో సంగత్ సంస్థ ఏ వైద్య డిగ్రీ లేని స్థానికులకు తర్ఫీదిచ్చి, తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నవాళ్లతో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడించింది. ఫలితం బాగుందని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థవాళ్లు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి, ఇంటింటికీ తిరిగి దిగులు, ఆందోళన ఉన్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీ డాక్టరుకు కలిపే పని చేశారు. ఆ పల్లెల చుట్టుపక్కలే గల్ఫ్ విమానం ఎక్కేవాళ్లున్నారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి, ఆ మంచం మీద పడుకున్న అనుభవం ఉన్న మనిషికి ఇలాంటి తర్ఫీదు ఇచ్చి, వాట్సాప్‌లో మాట్లాడే పని అప్పజెప్పితే, ఎంత గొప్ప డిగ్రీ ఉన్నవాళ్లకూ రాని మాట అతనికి వస్తుంది. బయల్దేరేముందు కార్మికులకు ఒకరోజు శిక్షణ ఇప్పటికే ఉంది. అందులో చట్టాలు, డబ్బు పంపడం చెబుతారు. ఒక గంట నిద్ర గురించి, గుండెదడ గురించి, ఎవరికి ఫోన్ చేయాలన్నదాని గురించి చెప్పమనడం పెద్ద కోరిక కాదు.

పిన్ని 14416కి ఫోన్ చేసింది. మొదట తన మోకాళ్ల గురించి మాట్లాడిందట, తర్వాత కొడుకు గురించి. అటువైపు అమ్మాయి చాలాసేపు విని ఒకే ఒక్క సలహా ఇచ్చింది: తిన్నావా అని అడిగితే ఏ కొడుకైనా తిన్నాననే అంటాడు, నిద్ర గురించి అడగండి.

మొన్న శుక్రవారం నేను అక్కడే ఉన్నాను. ఫోను డబ్బాకి ఆనించి ఉంది. తెర మీద మొహం, వెనక ఇనప మంచం చువ్వ.

"రాత్రి ఎన్నింటికి పడుకున్నావురా బాబూ?"

అటునుంచి మాట రాలేదు. నెట్ ఆగిపోయిందనుకుని పిన్ని ఫోను చేతిలోకి తీసుకుంది. ఆగలేదు. కుర్రాడు మొహం పక్కకు తిప్పుకున్నాడంతే.

"పడుకోలేదమ్మా," అన్నాడు.

పిన్ని పొయ్యి ఆపేసి, పీట లాక్కుని కూర్చుంది.